ఒక వరుస పైకి జరిగిన జవాబులు

బెంగళూరులో ఇంటర్ చదువుతో పాటు కోచింగ్ కూడా ఇచ్చే ఇంటిగ్రేటెడ్ పి.యు. కళాశాలలు నడుపుతున్న యాజమాన్యాలకు, వాటిలోనూ మన తెలుగువాళ్లు నడుపుతున్న వాటికి మరీ ముఖ్యంగా

అయ్యా, అమ్మా,

మా అబ్బాయి మీలో ఒకరి దగ్గర సెకండ్ పి.యు.సి. (మన ఇంటర్ రెండో ఏడు) చదువుతున్నాడు. ఎవరి దగ్గరో రాయను. రాస్తే మిగిలినవారంతా ఈ లేఖ తమకు కాదని పక్కన పెట్టేస్తారు. నేను కెమిస్ట్రీ అధ్యాపకురాలిని, పందొమ్మిదేళ్లుగా ఇదే పని. కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా వృత్తాలు నింపే ఒక జవాబు పత్రంతో, అంటే ఓ.ఎం.ఆర్. షీటుతో మొదలుపెడతాను.

దీపావళి వెళ్లిన రెండో ఆదివారం మీ దగ్గర సి.ఇ.టి. (కర్ణాటకలో ఇంజనీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష) నమూనా పరీక్ష జరిగింది. కెమిస్ట్రీ 60 ప్రశ్నలు, 60 మార్కులు. మావాడికి 32 వచ్చాయి. రాత్రి ఎనిమిదింటికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ర్యాంకుల పట్టిక ప్రత్యక్షమైంది. వాడి పేరుకు ఎదురుగా 'అజాగ్రత్త' అని ఒక్క మాట. మర్నాడు వాడు షీటు నకలు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పడేసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి పడుకున్నాడు. కెమిస్ట్రీలో 32 రావడమేమిటని నేను కళ్లజోడు పెట్టుకుని, ప్రశ్నపత్రం పక్కన పరుచుకుని కూర్చున్నాను.

మొదటి 30 ప్రశ్నల్లో 26 సరిగ్గా ఉన్నాయి. 31 నుంచి అంతా గందరగోళం. నెర్న్‌స్ట్ సమీకరణం మీద తేలిక లెక్క తప్పు. ఆల్డాల్ చర్య తప్పు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవి తప్పు. ఎందుకో అనుమానం వచ్చి, ఒక స్కేలు తెచ్చి షీటుకు అడ్డంగా పెట్టి, జవాబులన్నిటినీ ఒక వరుస కిందికి జరిపి చదివాను. అప్పుడు అర్థమైంది. 31వ ప్రశ్న రాక వదిలేశాడు. షీటులో మాత్రం ఆ వరుసను వదలలేదు. 32వ ప్రశ్న జవాబు 31వ వరుసలో నింపాడు, అక్కడి నుంచి చివరిదాకా అంతే. 60వ వరుస ఖాళీగా మిగిలిపోయింది. జరిపి లెక్కపెడితే ఆ 29 ప్రశ్నల్లో 24 సరైనవి. వాడికి రావలసింది 50.

చివరి వరుస ఖాళీగా ఉన్నా వాడి కంటికి ఆనలేదు. ముందు రాత్రి ఎంతసేపు పడుకున్నావని వాడిని మీలో ఎవరూ అడగలేదు. నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను: నాలుగు గంటల ముప్పావు.

'అజాగ్రత్త' అని రాసినవారి మీద నాకు కోపం లేదు. ఆ మాట నేనూ రాశాను, కొన్ని వందల పేర్ల ఎదుట.

2006 నుంచి 2015 వరకు విజయవాడ పక్కన ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో పనిచేశాను. మీలో చాలామంది అక్కడి నుంచో, అలాంటి చోటు నుంచో వచ్చినవారే కాబట్టి మీకు వివరించనక్కరలేదు. మిగతావారి కోసం చెబుతున్నాను. తెల్లవారుజామున 5:30కి స్టడీ అవర్. వరండాలో ట్యూబులైట్ల కింద పిల్లలు వరుసగా కూర్చుని ఉంటే, చెక్క స్కేలు పట్టుకుని మధ్యలో తిరగడం నా డ్యూటీ. కునికినవాళ్లను లేపి నిలబెట్టాలి. తిరువూరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు. చలికాలమంతా ఒకటే నీలం స్వెటరు. ఒక రోజు వాడిని నిలబెడితే గోడకు ఆనుకుని నిలువునా నిద్రపోయాడు. పుస్తకం చేతిలో తెరిచే ఉంది, చూపుడువేలు చదువుతున్న పంక్తి మీదే ఉంది. నేను వాడి పేరు రాసి వార్డెనుకు ఇచ్చాను. ఆ రోజు అది తప్పుగా తోచలేదు. నాకూ నిద్ర లేదు మరి, నేనూ నాలుగున్నరకు లేచినదాన్నే. నిద్ర లేనివాళ్లకు నిద్ర లేనివాళ్లనే కాపలా పెట్టిన ఏర్పాటు అది.

ఆ పిల్లల మైక్రో షెడ్యూలు తయారుచేసిన నలుగురిలో నేనొకదాన్ని. ఏ రోజు ఏ పాఠం, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు, ఎన్ని నిమిషాలు అన్నీ గళ్లు గీసి నింపేవాళ్లం. ఒక్క గడి ఖాళీగా కనిపిస్తే పై నుంచి ఫోను వచ్చేది. ఇలాంటి కళాశాలల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద 2001లోనే ఉమ్మడి రాష్ట్రంలో నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ చక్రపాణి కమిటీ వేశారు. ఆ రెండు కమిటీల మధ్య తొమ్మిదేళ్లు నేను ఆ గోడల లోపలే ఉన్నాను. మొదటి నివేదికలోని ఒక్క కాగితం కూడా మా స్టాఫ్ రూములో నా కంటపడలేదు. తర్వాత ఆ గళ్ల కాగితమే పలమనేరు దాటి, కోలారు దాటి బెంగళూరు చేరింది. మా ఆయన ఉద్యోగం వెంట నేనూ అదే దారిలో వచ్చాను.

ఇక్కడ నాకు ఒక పాత ఎయిడెడ్ పి.యు. కళాశాలలో పని దొరికింది. 9:30కి మొదటి గంట, 3:45కి ఆఖరి గంట. లాబ్‌లో పాత బీకర్లే అయినా పిల్లలు వాటిని చేత్తో పట్టుకుంటారు. ఇప్పుడు సిగ్గుపడుతూ ఒకటి ఒప్పుకోవాలి. నా కొడుకును నేను ఆ కళాశాలలో చేర్చలేదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మా అపార్టుమెంటులోని తెలుగు కుటుంబాల్లో ఒకటే చర్చ, మీ పేర్లే. మారతహళ్లి వంతెన దగ్గర మీ హోర్డింగు మీద తపాలా బిళ్లల్లా అతికించిన ఫొటోలను సిగ్నలు పడిన ప్రతిసారీ చూశాను. ఆ బిళ్లల వెనుక ఏముందో నాకు తెలుసు. తెలిసి కూడా వెళ్లి ఫీజు కట్టాను. కాబట్టి ఈ లేఖలో మీకు వేసిన ప్రతి ప్రశ్నా నాకు కూడా వేసుకున్నదే.

వాడి రోజు ఇలా ఉంటుంది. 5:15కి అలారం. 6:10కి రామమూర్తి నగర్‌లో మా వీధి మలుపులో మీ బస్సు. నవంబరులో ఆ వేళకు ఇంకా మసక చీకటే. ఇడ్లీ డబ్బా చేతికిస్తే బస్సులో తింటాడు, ఒక్కోసారి సాయంత్రం అలాగే తిరిగి వస్తుంది. టిన్ ఫ్యాక్టరీ, కె.ఆర్. పురం వంతెన, మహదేవపుర. 7:30కి మొదటి పాఠం. 4:30 వరకు పాఠాలే. అరగంట విరామం తర్వాత 5 నుంచి 7:30 వరకు స్టడీ అవర్. పేరు స్టడీ అవరే గానీ, నాలుగు రోజులు అందులోనూ డౌట్స్ పేరుతో మళ్లీ బోర్డు మీద పాఠమే. అవుటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనుల మధ్య బస్సు పాకుతూ పాకుతూ ఇల్లు చేరేసరికి 8:50. పద్నాలుగు గంటల నలభై నిమిషాలు. స్నానం, భోజనం. తొమ్మిదిన్నర నుంచి ఆ రోజు ఇచ్చిన డి.పి.పి. (రోజువారీ అభ్యాస ప్రశ్నల) కాగితాలు, రికార్డు, మర్నాటి స్లిప్ టెస్టు. పన్నెండున్నరకు దీపం ఆర్పుతాడు. ఆదివారం కూడా అదే బస్సు, అదే వేళ.

మదనపల్లెలో మా అత్తగారు ఉన్నారు. మనవడి గొంతు వినడానికి రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తారు. ఆ మధ్య ఒక రాత్రి వాడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని 'ఆ, నానమ్మా' అన్నాడు. అంతే, అలాగే సోఫాలో ఒరిగిపోయాడు. నేను ఫోను తీసుకుని, 'అత్తయ్యా, నిద్రపోయాడు, లేపుతానుండండి' అన్నాను. ఆవిడ వద్దన్నారు. 'లేపకమ్మా. ఊపిరి వినబడుతోందిలే, అదే చాలు' అన్నారు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు కదా. (మూడో ముక్క ఈ పిల్లలకు వర్తించదు. దానికి మీరు తీరిక ఎక్కడ ఇచ్చారు?)

మీరు అనబోయేది నాకు తెలుసు. 'మేడమ్, పోటీ మీకు తెలియనిదా?' తెలుసు. 2024లో నీట్ రాసినవారు 23 లక్షల పైచిలుకు. దేశం మొత్తం మీద ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైచిలుకు. ఈ లెక్క చూసి భయపడని తల్లి ఉండదు. అయితే పిల్లలందరి నిద్రలోంచీ తలా మూడు గంటలు కోసినా ఆ సీట్లలో ఒక్కటీ పెరగదు. తిరుమల క్యూలో వెనకవాళ్లు నెట్టే కొద్దీ ముందువాళ్ల పక్కటెముకలు నొక్కుకుపోతాయే గానీ దర్శనం వేగం పెరగదు. పక్క కళాశాల ఏడింటికి మొదలుపెడితే మీరు ఆరున్నరకు మొదలుపెట్టడం ఆ నెట్టుడే.

పోటీ మాట పక్కన పెట్టి, చదువు మాటే మాట్లాడుకుందాం. మీ పనితనాన్ని మీ లెక్కలోనే తూకం వేస్తాను.

మా కళాశాలలో ప్రాక్టికల్స్‌లో పటిక స్ఫటికాలు చేయిస్తాం. ద్రావణం వేడి చేసి, వడపోసి, కదపకుండా పక్కన పెట్టమంటాం. ప్రతి బ్యాచిలోనూ ఒకరిద్దరు ఆగలేరు. స్ఫటికం వచ్చిందా లేదా అని ఐదు నిమిషాలకోసారి గిన్నె ఎత్తి ఊపి చూస్తారు. వాళ్లకు అడుగున పిండి మిగులుతుంది. మూత పెట్టి ఇంటికి వెళ్లిపోయినవాళ్లకు మర్నాడు గాజుముక్కల్లాంటి స్ఫటికాలు దొరుకుతాయి. పదార్థం ఒకటే, కొలత ఒకటే. తేడా అంతా ఊరుకోవడంలో ఉంది. మీరు రోజుకు తొమ్మిది గంటలు పాఠం చెబుతున్నారు. మంచి పాఠమే, నేను వాడి నోట్సు చూశాను. మీ ఫిజిక్స్ అధ్యాపకుల దగ్గర నేను కూడా కూర్చుని వినాలనిపించింది. కానీ విన్నది పిల్లవాడి సొంతం కావాలంటే వాడు ఒక్కడే కూర్చుని, పుస్తకం మూసి, కాగితం మీద తంటాలు పడాలి. ఆ తంటాకు మీ గళ్ల కాగితంలో ఒక్క గడి కూడా లేదు. మీరు చెప్పే గంటలు పెరిగి, వాళ్లు చదువుకునే గంటలు మాయమయ్యాయి.

పరీక్షలు పెట్టవద్దని నేను అనను. తిరిగి తిరిగి చదవడం కంటే తనను తాను పరీక్షించుకున్న విద్యార్థికే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. నా అనుభవమూ అదే. అయితే పరీక్ష ఫలం అంతా తప్పులు దిద్దుకోవడంలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం పరీక్ష, రాత్రికి ర్యాంకు, సోమవారం 7:30కి కొత్త పాఠం. ఆ తప్పును మళ్లీ చూసేదెప్పుడు? మావాడి జవాబులు ఒక వరుస జారాయని కనిపెట్టడానికి నాకు పట్టింది నలభై నిమిషాలు. మూడు వందల మందికి ర్యాంకులు వేయడానికి మీ కంప్యూటరుకు నలభై సెకన్లు కూడా పట్టి ఉండదు.

ఇంట్లో స్టోర్ గదిలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో పాడైన మిక్సీ మోటారు. మావాడు జూన్‌లో విప్పాడు. కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయని కనుక్కుని, ఎస్.పి. రోడ్డుకు వెళ్లి కొత్తవి తెచ్చాడు. వేసే తీరిక దొరకలేదు. బ్రష్షులు ఇంకా కాగితం పొట్లంలోనే ఉన్నాయి. విద్యుత్ ప్రవాహం, అయస్కాంతత్వం పాఠం మీరు సెప్టెంబరులో ముగించారట. వాడు ఆ పాఠం ఆ పెట్టె దగ్గరే నేర్చుకుని ఉండేవాడని నాకు గట్టి నమ్మకం. మీరు నవ్వవచ్చు, మిక్సీ బాగుచేస్తే ర్యాంకు వస్తుందా అని. రాదు. కానీ జూన్‌లో ఆ పెట్టె ముందు కూర్చున్న మూడు గంటలే వాడు ఈ ఏడాది ఎవరూ చెప్పకుండా చదివిన చదువు.

నిద్ర గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను, ఇవన్నీ మీకు ఒక్క ఫోను కాల్ దూరంలో దొరికే విషయాలే. కౌమారంలో ఒంట్లోని గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. అందుకే వీళ్లకు మామూలుగా రాత్రి త్వరగా కళ్లు మూతపడవు, ఐదింటికి తెరుచుకోవు. సోమరితనం కాదది. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రావైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఉదయం 8:30కి ముందు బడి మొదలుపెట్టవద్దని అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. కాలిఫోర్నియాలో 2022 నుంచి హైస్కూళ్లకు అది చట్టమే అయింది. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలోనే. నిద్రను కోసి చదువును పెంచాలని చూడడం, గాదె అడుగున కన్నం పెట్టి పైనుంచి ధాన్యం పోయడం.

ఇక చట్టం సంగతి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 5 గంటలకు మించి తరగతులు ఉండకూడదు. మరీ తెల్లవారుజామున, మరీ పొద్దుపోయాక పెట్టకూడదు. వారానికి ఒక సెలవు ఇవ్వాలి, ఆ సెలవు మర్నాడు పరీక్ష పెట్టకూడదు. తల్లిదండ్రుల సమావేశంలో నేను దీని గురించి అడిగితే, 'అది కోచింగ్ కేంద్రాలకు, మాది కళాశాల' అన్నారు. అడ్మిషన్లప్పుడు మాత్రం 'మాది మామూలు కళాశాల కాదు, కోచింగ్ కూడా మేమే ఇస్తాం' అన్నది మీరే. వడ్డించేటప్పుడు అత్తవారిల్లు, విస్తరి ఎత్తేటప్పుడు హోటలు అంటే ఎలా?

సరే, ఆ వాదన అక్కడే ఉంచండి. 2025 జూలైలో సుప్రీం కోర్టు చెప్పినది మాత్రం కళాశాల, కోచింగ్, హాస్టల్ అన్న తేడా లేకుండా అందరికీ వర్తిస్తుంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో, ఆ తండ్రి చేసుకున్న అప్పీలు మీద ఇచ్చిన తీర్పు అది. అందులో 15 మార్గదర్శకాలు ఉన్నాయి. వంద మంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయడం వీలైనంతవరకు మానుకోవాలి. నలుగురిలో చిన్నబుచ్చడం కూడదు. విశాఖ మన ఊరు. ఆ తీర్పు మన ముంగిట్లో జరిగిన దాని గురించి. ఇప్పుడు మీ స్టార్ బ్యాచిని, వాట్సాప్ పట్టికలో ఎరుపు రంగు పూసిన ఆఖరి ఇరవై పేర్లను ఆ తీర్పు పక్కన పెట్టి చూడండి. ఆ ఎర్ర పేర్లలో ఒక అబ్బాయి మా కింది అంతస్తులోనే ఉంటాడు. పట్టిక వచ్చిన రాత్రి వాడి తండ్రి లిఫ్టులో నాకు ఎదురుపడి తల దించుకున్నారు. పరీక్ష రాసింది ఆయన కాదు.

ఆశ్చర్యమేమిటంటే, ప్రభుత్వాలు పిల్లల గుండెదడ తగ్గించడానికి కొంతయినా చేశాయి. కర్ణాటకలో 2024 నుంచి సెకండ్ పి.యు. పరీక్షలు ఒకటికి మించిన విడతల్లో జరుగుతున్నాయి. అన్నీ రాసుకోవచ్చు, ఎక్కువ వచ్చిన మార్కులే నిలుస్తాయి. జె.ఇ.ఇ. మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. రెండింటిలో మెరుగైనదే లెక్క. ఇంజనీరింగ్‌కు సి.ఇ.టి. ర్యాంకులో సగం బరువు పి.యు. మార్కులదే, సి.ఇ.టి. ఒక్కదాని మీదే తలరాత ఆధారపడి లేదు. ఈ మూడు సంగతులూ మీ ఓరియంటేషన్‌లో ఒక్కసారి కూడా వినలేదు. 'పరీక్ష 1లో రాకపోతే అంతే సంగతులు' అన్న మాట మాత్రం మావాడి నోట ఈ నెలలో నాలుగుసార్లు విన్నాను. కింద పరుపు పరిచి ఉందని చెప్పకుండా పిల్లవాడిని తాడు మీద నడిపిస్తున్నారు.

మీరు చేసిన ఏకైక ఒత్తిడి నివారణ కార్యక్రమం గురించి కూడా చెప్పాలి. సెప్టెంబరులో ఒక శనివారం వ్యక్తిత్వ వికాస నిపుణులొకరిని పిలిపించారు. రెండు గంటలు ఆయన పిల్లలను చప్పట్లు కొట్టమన్నారు, కళ్లు మూసుకుని లక్ష్యాన్ని ఊహించుకోమన్నారు. కళ్లు మూసుకోమన్నది ఒక్కటే పనికివచ్చిందని మావాడు చెప్పాడు, సగం మంది నిద్రపోయారట. ఆ రెండు గంటల పాఠాన్ని భర్తీ చేయడానికి ఆ రోజు తరగతులు 8:30 వరకు జరిపారు.

మీ ఆఖరి సమాధానం ఒకటి ఉంది, దానికి మాత్రం నా దగ్గర జవాబు తక్కువ. 'తల్లిదండ్రులే అడుగుతున్నారు' అంటారు. నిజమే. దసరాకు మీరు ఐదు రోజులు సెలవిస్తే, 'ఇన్ని రోజులు ఇంట్లో ఏం చేస్తారు సార్, కనీసం రెండు పూటలు క్లాసు పెట్టండి' అని సమావేశంలో లేచి అడిగిన తండ్రిని నేను చూశాను. హాలంతా తల ఊపింది. నేను ఊపలేదు గానీ నోరు కూడా విప్పలేదు. మేము ఫీజును గంటలతో భాగించి చూసుకుంటాం. ఎక్కువ గంటలిస్తే ఎక్కువ గిట్టినట్టు. బియ్యం కొన్నట్టు చదువు కొంటున్నాం. అలాగని, రోగి అడిగిన మందల్లా రాసిచ్చే వైద్యుడిని మీరు మెచ్చుకుంటారా?

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఉదయం గంటను 8:30కి జరపండి. అప్పటికి ట్రాఫిక్ ముదురుతుంది, బస్సులు ఇరుక్కుంటాయి అంటే, సరే, ఈ ఊళ్లో ఉంటూ దాన్ని కాదనలేను. ఉదయం ముట్టుకోలేకపోతే సాయంత్రం వదలండి. 3:30కి బస్సు కదిలితే ఐదింటికి ముందే ఇంట్లో ఉంటాడు. ఆరు నుంచి తొమ్మిది వరకు తన చదువు తాను చదువుకుని తొమ్మిదిన్నరకు పడుకున్నా, 5:15కి లేవడానికి ఏడు గంటల ముప్పావు నిద్ర దొరుకుతుంది. పరీక్షను శనివారానికి మార్చండి. జవాబు పత్రం చేతికిచ్చి, తప్పులు చూసుకోవడానికి అదే రోజు ఒక గంట ఇవ్వండి. ఆదివారం ముట్టుకోకండి. పట్టిక గ్రూపులో పెట్టకండి, ఎవరి మార్కులు వారికి పంపడానికి మీ యాప్‌లో వీలుందని మీరే గొప్పగా చెప్పారు. కౌన్సెలర్‌ను పెట్టండి. క్రమశిక్షణ ఇన్‌చార్జికే ఆ బిళ్ల తగిలించకండి, తిట్టే మనిషి దగ్గరకు ఏ పిల్లా వెళ్లి ఏడవదు.

ఆ పని రేపే మొదలుపెట్టలేకపోతే, ప్రతి తరగతి గది తలుపు మీద ఒక నంబరైనా అతికించండి: 14416. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సహాయం టెలి మానస్, 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు కట్టనక్కరలేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో కూడా మాట్లాడతారు. దానికి దేశం మొత్తం మీద కేంద్రం మన హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్. మీ బస్సుల్లో కొన్ని రోజూ దాని గేటు ముందు నుంచే వెళ్తాయి.

ఈ లేఖ రాస్తున్నానని మావాడికి చెప్పాను. మొదట భయపడ్డాడు, స్టార్ బ్యాచి నుంచి తీసేస్తారేమోనని. కాసేపు ఆలోచించి, 'తీసేస్తే ఏ బస్సు ఇస్తారమ్మా?' అని అడిగాడు. మామూలు బ్యాచి బస్సు ఐదింటికే వెళ్లిపోతుందట. ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో కనిపించింది దిగులు కాదు.

వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశానికి వస్తాను. ఓ.ఎం.ఆర్. షీటు, స్కేలు నా సంచిలోనే ఉంటాయి. మర్నాడు ఆదివారం పరీక్షకు మాత్రం మావాడు రాడు. బస్సు మా మలుపులో ఆగనక్కరలేదని డ్రైవరుకు చెప్పేశాను. 'నాకు కూడా చెప్పండమ్మా ఆ సెలవు' అని నవ్వాడు. ఆయన నాలుగింటికి లేస్తాడు.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ అధ్యాపకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు